అన్నకు నేను తప్పుగా చదివిన పేజీ

అన్న ఆ పుస్తకాన్ని మొదటిసారి తెరిచినప్పుడు నేరుగా చివరి పేజీకి పోయాడు. తప్పు ఆయనది కాదు. అది జపాన్‌వాళ్ళ బొమ్మల కథ. ఇంగ్లీషులోకి మార్చినా పేజీలు వాళ్ళ పద్ధతిలోనే కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. మనకు వెనక అట్ట అనిపించేదే దానికి ముందు అట్ట.

"ఇదేంది మే, మొదట్లోనే అయిపోయింది?" అని అడిగాడు.

పుస్తకం తిరగేసి చేతిలో పెట్టాను. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, మంచం పక్కన గురగురమనే మిషను, ఒళ్ళో బొమ్మల పుస్తకం. ఆళ్ళగడ్డలో మా ఇంటి ముందుగదిలో ఆ ఆదివారం మొదలైన చదువు పది నెలలు సాగింది.

నేను నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీ ల్యాబులో పనిచేస్తాను. తడిపిన కాగితం మీద గింజలు వరసగా పేర్చి, చాపలా చుట్టి, వారం తర్వాత విప్పి ఏవి మొలిచాయో ఏవి కుళ్ళాయో చూసి రాయడం నా పని. శనివారం సాయంత్రం బస్సెక్కి ఆళ్ళగడ్డ వస్తాను, సోమవారం పొద్దున్నే తిరిగిపోతాను. ఈ బొమ్మల కథల పిచ్చి కాలేజీ రోజుల్లో కర్నూలు హాస్టల్లో అంటుకుంది. ముప్పై దాటినా వదల్లేదు.

అన్న నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. నాయన పోయినప్పుడు ఎనిమిదో తరగతిలో బడి మానేసి, రోడ్డు పక్కన శిల్పాల షెడ్డులో ఒక ఆచారి దగ్గర పనికి చేరాడు. మేము చర్చికి పోయేవాళ్ళం. అన్న చెక్కేది నందులు, ఆంజనేయస్వాములు, అమ్మవార్లు. మా ఊళ్ళో దాన్ని ఎవరూ వింతగా చూడరు. చెయ్యి తిరిగిన పనివాడా కాదా, అంతే. అన్నకు చేతులు చెక్కడంలో పేరు. వేరే షెడ్లవాళ్ళు కూడా విగ్రహానికి వేళ్ళు తీర్చాల్సి వచ్చినప్పుడు ఆయన్ను పిలుచుకుపోయేవాళ్ళు. ఉలితో చేసే పని తగ్గి కటింగ్ మిషన్లు వచ్చాక దుమ్ము పిండిమరలో లాగా లేచేది. సాయంత్రం ఇంటికొస్తే ఆయన కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. నేను డిగ్రీ చదివింది ఆ దుమ్ము మీదనే.

దగ్గు మొదలైతే టీబీ అన్నారు. ఆరు నెలలు మందులు మింగాడు. తగ్గకపోయేసరికి కర్నూలుకు తీసుకుపోయి స్కాన్ చేయించాను. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుందని డాక్టరు గదిలోకి నేనొక్కదాన్నే పోయాను. ఇది టీబీ కాదు, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడిపోయింది, దీనికి మందు లేదు, ఇక ఒక్కరోజు కూడా ఆ పనికి పోకూడదు అని డాక్టరు చెప్పాడు. పని మానేస్తే కొన్నేళ్ళు, మానకపోతే ఏమీ చెప్పలేను అన్నాడు.

బయట అన్న బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. తాను తాగి, నాకోసం ఒక టీ తెచ్చి, చల్లారకుండా పైన కాగితం కప్పి పెట్టాడు.

"ఏమన్నాడు?"

"టీబీ మచ్చలేనంట. మందులు వాడితే తగ్గుతాదంట."

అసలు మాట ఆ టీ తాగాక చెబుదాం అనుకున్నాను. బస్సులో చెబుదాం అనుకున్నాను. ఇంటికొచ్చాక వదినకు కూడా చెప్పలేదు. రెండు నెలలు పని లేకుండా ఉండేసరికి అన్న కాస్త తేరుకున్నాడు. ఒక పెద్ద నంది పని వచ్చిందని మళ్ళీ షెడ్డుకు బయల్దేరాడు. అప్పుడైనా నోరు విప్పాల్సింది. "మాస్కు కట్టుకో అన్నా," అని మాత్రం అన్నాను. నాలుగు నెలలు పనిచేశాడు. ఒకరోజు మూపురం చెక్కుతూ చెక్కుతూ కూలబడిపోతే ఆటోలో వేసుకొచ్చారు. ఆ తర్వాత గడప దాటింది ఆసుపత్రికి తప్ప దేనికీ కాదు.

అలా మంచాన పడ్డ రోజుల్లో నా సంచిలో ఆ పుస్తకం చూశాడు. ఎక్కడో చలిదేశంలో ఒక పల్లె. ఊరి బయట పచ్చటి గుట్ట. ఆ గుట్ట కింద మాయమనుషులు ఉంటారు. వాళ్ళు ఒక ఇంట్లో చంటిపిల్లవాణ్ణి ఎత్తుకుపోయి, వాడి పక్కలో వాడిలాగే కనిపించే కట్టె మొద్దును పెట్టిపోతారు. ఇంట్లోవాళ్ళంతా ఆ మొద్దునే పిల్లవాడు అనుకుని పాలు పడతారు. వాడి అక్క ఒక్కతే గుర్తుపడుతుంది. మంత్రాలు తెలిసిన ముసలామె దగ్గర పనికి కుదిరి, గుట్టలోకి దారి నేర్చుకోవడానికే ఏళ్ళు పడుతుంది ఆ పిల్లకు. అదీ కథ. చాలా భాగాలు వచ్చాయి, ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఆ మాయమనుషులను తెలుగులో ఏమనాలో నాకు తెలియలేదు. "దేవతలు" అన్నాను.

"దేవతలు ఇట్ల నిలబడరు మే," అన్నాడు అన్న. "నేనెన్ని చెక్కింటా! దేవతకు బరువంతా నేల మీద ఉంటాది. వీళ్ళను చూడు, ఎప్పుడెప్పుడు పారిపోదామా అని ఉండారు. దయ్యాలా?"

"దయ్యాలు కాదన్నా. చచ్చిపోయినోళ్ళు కారు. మంచోళ్ళు కారు, చెడ్డోళ్ళూ కారు. అసలు పేరు ఎత్తితే వాళ్ళకు కోపమొస్తాదని ఆ దేశంలో మంచి ఇరుగుపొరుగు అంటారంట."

అన్న నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగి, అది తగ్గడానికి చాలాసేపు పట్టింది. "అయితే పక్కింటోళ్ళు అను. మన పక్కింటోళ్ళు గూడా అంతే గదా."

అప్పట్నుంచి మాకు వాళ్ళు పక్కింటోళ్ళే. పక్కింటోళ్ళకు ఇనుమంటే భయమని చదివితే, "మన కాడ బాలింత తలగడ కింద కొడవలి పెట్టేది అందుకే," అన్నాడు. వాళ్ళు ఏదైనా ఇచ్చినప్పుడు థ్యాంక్స్ చెప్పకూడదని చదివితే, "నయం, నాకు మొదట్నించీ ఆ అలవాటు లేదు," అన్నాడు.

వదిన ఆదివారం ఆరాధనకు పోయే సమయమే మా చదువు సమయం. ఆమెకు ఈ పుస్తకాలు గిట్టేవి కావు. "మంత్రాల బొమ్మలు ఇంట్లో పెట్టుకోని, మళ్ళ ప్రార్థన చేయమంటే యాడ వింటాడు దేవుడు?" అని బైబిలు చంకలో పెట్టుకుని పోయేది. అన్న మాత్రం పట్టించుకునేవాడు కాదు. "అక్షరాలు నువ్వు చూసుకో, బొమ్మలు నేను చూసుకుంటా," అనేవాడు. ఒక్కో పేజీ దగ్గర ఐదారు నిమిషాలు ఆగేవాడు. ఎవరో తెలియని ఆ జపాన్ మనిషి గీసిన చేతుల మీద వేలు పెట్టి, గీత ఎటు పోయిందో అటే నడిపేవాడు. "ఈయనెవరో గాని మే, చేతులు బాగా చూసిన మనిషి," అని నాతో చాలాసార్లు అన్నాడు. ఆ నెలల్లో ఆయన మొహంలో కాస్త వెలుగు చూసింది ఆ ఒక్కపూటే.

ఆరో భాగం ఎండాకాలంలో వచ్చింది. నేను ముందుగా చదువుకోలేదు. ఇద్దరం ఒకేసారి తెలుసుకుందాం అనుకున్నాను.

అందులో అక్క ఎట్టకేలకు గుట్ట లోపలికి పోతుంది. పెద్ద విందు జరుగుతుంటుంది. తమ్ముడు బల్ల ముందు కూర్చుని ఉంటాడు, ముందర ఖాళీ గిన్నె. పక్కింటోళ్ళ పెద్ద ఆమెతో చెబుతాడు: ఈ పిల్లవాడు మా తిండి తిన్నాడు, తిన్నవాడు వెనక్కి పోడు, రోజుకొక మొహం మర్చిపోతాడు, మొదట మర్చిపోయింది నీ మొహమే.

నేను ఆగిపోయాను. అన్న ఎదురుచూస్తున్నాడు. మిషను గురగురమంటోంది.

"ఏడేండ్లు ఓపిక పడితే పిల్లోన్ని ఇంటికి పంపిస్తామని చెప్తాండాడు," అన్నాను.

అన్న పేజీ తిప్పలేదు.

"ఇంకోసారి చదువు."

మళ్ళీ అదే చెప్పాను. ఆయన బొమ్మ మీద వేలు పెట్టాడు.

"పంపిస్తామనే మాట విన్న మనిషి చెయ్యి ఇట్ల ఉండదు మే. ఈ పిల్ల చెయ్యి చూడు. వేళ్ళు వదిలేసినాయి. పట్టుకున్న దీపం గూడా జారిపోతాండాది. ఏం రాసుందో అది చెప్పు."

ఉన్నదున్నట్టు చెప్పాను. అన్న పుస్తకం మూసి మంచం మీద పెట్టాడు. నా వైపు చూడకుండానే అడిగాడు.

"కర్నూల్లో కాయితం గూడా ఇట్లనే చదివినావా?"

నేను మూసిన పుస్తకాన్ని తీసి సంచిలో పెట్టబోయాను.

"బీరువాలో ఉండాది. తీస్కరా."

తెచ్చి, ఒక్కొక్క లైనూ ముందు ఇంగ్లీషులో చదివి తర్వాత తెలుగులో చెప్పాను. గట్టిపడింది అంటే ఎట్లా అని అడిగాడు. రాయి మాదిరి అన్నాను. పని గురించి ఎవరో వివరం చెప్పినట్టు తలాడించాడు.

"నీకి ఎప్పట్నించి తెలుసు?"

"ఆ పొద్దే తెలుసన్నా."

"నంది పనికి పోకముందే?"

"ముందే."

"మాస్కు కట్టుకో అంటివి," అన్నాడు.

కోపం లేదు ఆ మాటలో. కోపం ఉంటే బాగుండేది. మళ్ళీ తనే అన్నాడు: "చెప్పింటే ఇంట్లో కూర్చోనుందునా? ఏమో. కూర్చోనుందునేమో. లేకుంటే పోయేవాన్నేమో. ఆ లెక్క నేను తేల్చుకోవాల్సింది గదా మే. నువ్వు కాదు."

వదిన ఆరాధన నుంచి వచ్చేసరికి రిపోర్టు ఇంకా మంచం మీదే ఉంది. అన్నే ఆమెకు చెప్పాడు. వదిన ఏడవలేదు. ఇంగ్లీషు రాకపోయినా ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని పైనుంచి కిందికి చూసి, మడత మీద మడత పెట్టింది. "నాకైనా చెప్పకపోతివే," అంది నాతో. ఆ తర్వాత ఆమె నాతో అవసరమైన మాటే మాట్లాడింది.

ఆ వారమే అన్న షెడ్డులో పనిచేసేవాళ్ళను ఇద్దరిని పిలిపించాడు. రిపోర్టు చూపించి, రాయి కోసేటప్పుడు నీళ్ళు పోస్తూ కోయండప్పా అని బతిమాలాడు. ఊపిరి అందక మధ్యలో నాలుగుసార్లు ఆగాడు.

వాళ్ళు మర్యాదగా విన్నారు. "నీళ్ళు పోస్తే గీసుకున్న గీత కనపడదు గదన్నా," అన్నాడు ఒకడు. "కరెంటు మిషను మీద నీళ్ళు పడితే ఆ పొద్దే పోతాం. దుమ్ముతో అయితే ఇంకో పదేండ్లు," అన్నాడు రెండోవాడు. ఎగతాళిగా అన్న మాట కాదు. మా వదిన ఇచ్చిన మజ్జిగ తాగి పోయారు. మధ్యాహ్నం నుంచి మళ్ళీ మిషన్ల రొద మా గదిలోకి వినిపించింది.

చదువు ఆపుదామా అని అడిగాను. "ఎందుకాపేది? మాట మారిస్తే నాకు తెలుస్తాది, అంతే," అన్నాడు. ఏడు, ఎనిమిది భాగాలు ఉన్నదున్నట్టు చదివాను. ఎంత చేదు మాటైనా ఒక్కటి కూడా వదల్లేదు. కానీ మునుపటిలాగా నవ్వులు లేవు. పేజీ మీద ఆగడం తగ్గింది. వేలు నడిపే ఓపిక కూడా పోయింది. ఒక ఆదివారం కళ్ళు మూసుకునే, "ఆ పిల్లోడు రాడులే మే. గీసేటాయనకి తెలుసు. ఆ అక్కకే తెలీదు," అన్నాడు.

ఆయన పోయింది వానలు మొదలయ్యాక, ఒక బుధవారం మధ్యాహ్నం. నేను ల్యాబులో గింజల చుట్టలు విప్పుతున్నాను. వదిన ఫోను చేసి "వచ్చేయ్" అని పెట్టేసింది. బస్సులో పక్కన కూర్చున్నామె ఎవరి పెళ్ళి గురించో చెబుతూ ఉంటే ఊ కొడుతూ వచ్చాను. ఇంటికి చేరేసరికి ఆక్సిజన్ మిషను ఆపేసి మూలకు జరిపారు. నెలల తర్వాత ఆ గది నిశ్శబ్దంగా ఉండటం అదే మొదలు. రోడ్డు మీద షెడ్డులో రాయి కోస్తున్న చప్పుడు అంతకుముందు ఎన్నడూ విననంత స్పష్టంగా వినిపించింది.

తొమ్మిదో భాగం తెప్పించుకోలేదు. ఆ కథ ఎటు పోయిందో నాకు తెలియదు.

మూడు నెలలకు వదిన అదే షెడ్డులో పాలిష్ పనికి కుదిరింది. తయారైన విగ్రహాలను అరగదీసి నున్నగా చేసే పని. ఆ పనికి ఎక్కువగా ఆడవాళ్ళే పోతారు. నాకు ఆమె చెప్పలేదు, వీధిలో ఎవరో చెప్పారు. ఆ శనివారం రాగానే అడిగాను.

"పాలిషుకు పోతాండావంట వదినా."

"పోతాండా."

"వద్దు వదినా. పాలిష్ దుమ్ము ఇంకా సన్నం. కోసే దుమ్ము కన్నా లోపలికి పోతాది. అన్నకొచ్చిందే నీకూ వస్తాది. నంద్యాలకు రా, నాతో ఉందువు."

"నీతో ఉండి నీ మొగం చూసుకుంటా కూర్చోవాల్నా?"

"నేను నిజం చెప్తాండా వదినా."

వదిన చేతిలో పని ఆపి నావైపు చూసింది. చాలా రోజుల తర్వాత నేరుగా చూసింది.

"చెప్పు. ఇప్పుడు ఎంత నిజమైనా చెప్తావు," అంది. "నాకి ఇంకో పని యాడ ఇస్తారు ఈ ఊళ్ళో? చెప్పు, అది గూడా చెప్పు."

జవాబు కోసం ఆగకుండా ఆమె సంగటి కెలకడానికి పొయ్యి దగ్గరికి పోయింది.

సోమవారం పొద్దున ఇద్దరం ఒకేసారి బయల్దేరాం. నేను తెచ్చిన మాస్కుల పెట్టె గూట్లో పెట్టిన చోటే ఉంది, మూత కూడా తీయలేదు. ఆమె అన్నం క్యారియరు పట్టుకుని షెడ్డు వైపు పోయింది. నేను నంద్యాల బస్సెక్కాను.