మానుకోటలో కాటలాన్ మాట

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులవి. కాలేజీ తెరిచిన నాళ్లకన్నా మూసిన నాళ్లే ఎక్కువ. నేను మహబూబాబాద్‌లో, అదే మా మానుకోటలో, చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి. మా ఇంటి ఓనరు కొడకండ్ల వైపు భూములు, పార్టీలో పలుకుబడి ఉన్న మనిషి. ఆయన పైగదిని ఒక తెల్లామెకు అద్దెకిచ్చాడు. స్పెయిన్‌లోని బార్సిలోనా నుంచి వచ్చిందామె. పొద్దున్నే ఆటో ఎక్కి తండాకు పోయి, అక్కడి ముసలమ్మలతో లంబాడీ మాటలు, పాటలు చెప్పించుకుని రికార్డు చేసేది.

కొద్దిరోజులకే గుసగుసలు మొదలయ్యాయి. మతం మార్చడానికి వచ్చిందని కొందరు, తండా భూముల కింద ఏదో గని ఉందని కొందరు. ఒకనాడు ఓనరు నన్ను మెట్ల దగ్గర ఆపాడు.

"సార్, గామె మీద జర కన్నేసి ఉంచు. గింత లొల్లిల తండా మాటలతోని ఆమెకేం పని? ఎవలో పంపితెనే వచ్చింది."

"రీసెర్చి అంటున్నది గదన్నా."

"వచ్చినోళ్లందరు గట్లనే అంటరు."

పైకి నవ్వాను గానీ నాకూ అనుమానం ఉంది. మీ స్పానిష్‌లో రెండు ముక్కలు మాట్లాడమని ఒకసారి అడిగితే, "నా భాష స్పానిష్ కాదు" అందామె. దేశం చెప్పి భాష దాచే మనిషిని ఎలా నమ్మడం?

మర్నాడు టీకి పిలిచి సూటిగా అడిగాను. మాకు నడిమి భాష ఇంగ్లిషే. తన భాష కాటలాన్ అని చెప్పింది. స్పానిష్‌కు అది యాస కాదట, రెండూ లాటిన్‌లోంచి వేర్వేరుగా పుట్టినవట. ఇక్కడ కాకతీయులు ఏలుతున్న కాలానికే కాటలాన్‌లో తత్వశాస్త్రం, రాజుల చరిత్రలు రాశారట. తర్వాత అధికారం స్పానిష్ మాట్లాడే దర్బారుకు పోయింది. గొప్ప నవలలు, నాటకాలు స్పానిష్‌లో వచ్చాయి. కాటలాన్ ఇళ్లలో, పొలాల్లో మిగిలింది. ఎన్నో తరాల తర్వాత కవులు పద్యాల పోటీలు పెట్టి దాన్ని మళ్లీ పుస్తకాల్లోకి తెచ్చుకున్నారు. అంతలో ఒక నియంత వచ్చి బడుల్లోంచి తీసేయించాడు.

"మా నాన్నమ్మ బడిలో కాటలాన్ మాట్లాడిందని చెంపదెబ్బ తిన్నది," అంది.

నమ్మబోతుండగానే ఇంకో మాట దొర్లింది. మన మాటల్లో ఉర్దూ కలిసినట్టే స్పానిష్‌లో అరబ్బీ కలిసిందంటూ, పత్తిని "అల్గొదోన్" అంటారని మురిపెంగా పలికింది. ఆ పలుకు పరాయి భాషను పలికినట్టు లేదు.

"నీది కాదన్నావు కదా?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. "మా అమ్మ స్పెయిన్ దక్షిణాది నుంచి బార్సిలోనాకు కూలికి వలస వచ్చింది. అమ్మతో స్పానిష్, నాన్నమ్మతో కాటలాన్. ఒక భాష నాదంటే రెండోదానివాళ్లు అనుమానిస్తారు. అందుకే కొత్తవాళ్లకు ఒకటే చెప్తాను."

ఇది నిజమా, అప్పటికప్పుడు అల్లిందా? తేల్చుకోలేకపోయాను.

ఆమె భాష కథ ఆ నోటా ఈ నోటా పడి, ఊళ్లో తెలంగాణ కోసం వేసిన దీక్షా శిబిరం దాకా పోయింది. వాళ్లు ఆమెను మాట్లాడమని పిలిచారు. అనువాదం నాది. ముందు వరసలో కూర్చున్న విద్యార్థి నాయకుడు లేచాడు.

"సినిమాలల్ల మా మాటను చూసి నవ్విన్రు. గిది భాషనా, యాసనా? నువ్వే చెప్పు మేడం."

"మాట్లాడే మీరే చెప్పాలి," అంది. తనూ ఒక ప్రశ్న వేసింది: "మీ రాష్ట్రం వస్తే తండా పిల్లలకు బడిలో ఏ భాషలో చెప్తారు?"

నేను దాన్ని తెలుగులో చెప్పాను. వెనక నుంచి ఎవరో అరిచారు: "చూసిన్రా! మనల్ని మనల్ని విడగొట్టెతందుకే వచ్చింది!" నాయకుడు నావైపు తిరిగాడు. "గా మాట ఆమె అన్నదా సార్, నువ్వు కలిపినవా?"

"ఆమెదే," అన్నాను. అతను నమ్మినట్టు కనిపించలేదు.

మర్నాడే గది ఖాళీ చేయమన్నాడు ఓనరు. ఆమె తండాకు మారింది. తనకు పాటలు చెప్పిన అవ్వ చోటిచ్చింది గానీ, ముందు రికార్డంతా వినిపించమంది. నేనూ అక్కడే ఉన్నాను. చెవి దగ్గర పెట్టుకుని ఓపికగా విన్నాక, "మా మాట మా లెక్కనే ఉన్నది. ఉండు బిడ్డా," అంది.

వీసా గడువు తీరేదాకా ఆమె అక్కడే ఉంది. రైలెక్కించడానికి స్టేషన్‌కు వెళ్లాను. ఓనరు మనిషి ఒకడు ప్లాట్‌ఫారం చివర నిలబడి మమ్మల్నే చూస్తున్నాడు. ఆమె అతనికి కూడా చెయ్యి ఊపింది.

తర్వాత రాష్ట్రం వచ్చింది. మా మాటను వేదికల మీద సిగ్గుపడకుండా మాట్లాడుకున్నాం. ఆ విద్యార్థి నాయకుడు ఇప్పుడు ఆ తండా బడిలోనే టీచరు. మొన్న సంతలో కలిసినప్పుడు చెప్పాడు, ఒకటో తరగతి పిల్లలకు తన తెలుగు ఎక్కడం లేదని. అవ్వ దగ్గర లంబాడీ నేర్చుకుంటున్నాడట.

"సార్, నిజం చెప్పు. గామె ఎవలు?" అన్నాడు.

నాకు తెలిసిందంతా చెప్పాను. అతను తలూపాడు గానీ, నేనింకా ఏదో దాస్తున్నాననే అనుకున్నాడు.