గోపాలకృష్ణమూర్తిగారి భోక్తృత్వం

ద్రాక్షారామం చుట్టుపట్ల అయిదారు గ్రామాల్లో ఏ ఇంట తద్దినం వచ్చినా, పితృస్థానంలో కూర్చుని భుజించే భోక్తగా గోపాలకృష్ణమూర్తిగారినే పిలిచేవారు. ఇరవై రెండేళ్లుగా ఆయన జీవనమూ అదే, మర్యాదా అదే. పిలుపులు తెచ్చేవాడు పురోహితుడు అనంతకృష్ణ. ఇద్దరూ ఒకే గురువుగారి వద్ద చదువుకున్నవారు. ఒకరి సైకిలు వెనుక ఒకరు కూర్చుని ఊళ్లు తిరిగినవారు.

తొంభై ఎనిమిదిలో గోపాలకృష్ణమూర్తిగారికి షుగరు బయటపడింది. కాకినాడ డాక్టరు రోజుకొక మాత్ర వేసుకోమన్నాడు. భోక్తకు గారెలు, పరమాన్నం తప్పవు. వద్దంటే తద్దినం పెట్టే కర్త చిన్నబుచ్చుకుంటాడు. తద్దినం నాడు రెండేసి మింగితే సరిపోతుందని అనంతకృష్ణ సలహా చెప్పగా, ఈయన అలాగే చేశారు. మూడో నెలకల్లా మోచేతుల మీద, వీపు మీద ఎర్రని దద్దులు లేచి పొలుసులు రాలసాగాయి. భోక్త ఉత్తరీయంతోనే కూర్చోవాలి గనుక చొక్కా చాటున దాచుకునే వీలు లేదు.

మాత్రల సంగతి విని డాక్టరు చీవాట్లు పెట్టాడు. ఈ మందు పడకనే చర్మం ఇలా అయి ఉండవచ్చుననీ, అంటువ్యాధి మాత్రం కాదనీ, మందు మార్చి చూద్దామనీ చెప్పి, ఆ మాటే తెలుగులో చీటీ రాసి ఇచ్చాడు. చర్మరోగం కలవాణ్ణి శ్రాద్ధానికి పిలవరన్న భయంతో ఈయన ఆ చీటీని అనంతకృష్ణ చేతిలో పెట్టి, ఇళ్లవారికి చూపమని కోరారు. అంతా తాను చూసుకుంటానన్నాడు అతడు.

ఆపై పక్షం రోజులు పిలుపు లేదు. లలితాంబగారి భర్త తిథి వచ్చింది. పదకొండేళ్లుగా ఆ ఇంట ఈయనే భోక్త. పిలుపు మరిచారేమోనని స్నానం చేసి, ఉపవాసంతో బయలుదేరి వెళ్లారు. తన పీట మీద అనంతకృష్ణ బావమరిది కూర్చుని ఉన్నాడు.

లలితాంబగారు గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి, "మీరే రాలేనన్నారటగా అండీ. పెద్దరోగమని చెప్పి అనంతకృష్ణగారు కంటనీరు పెట్టుకున్నారు" అన్నారు.

"డాక్టరుగారి చీటీ చూపించలేదా అమ్మా?"

"చీటీ ఏంటండి?"

లోపల అనంతకృష్ణ తలెత్తి చూశాడు. మంత్రం మాత్రం ఆపలేదు. శ్రాద్ధం జరిగే ఇంట కోపం చూపితే పితృదేవతలు విముఖులవుతారని ఇద్దరూ ఆ గురువుగారి నోటనే విన్నారు. ఈయన నోరెత్తరన్న ధీమాతోనే అతడంత నిబ్బరంగా ఉన్నాడని గోపాలకృష్ణమూర్తిగారికి తెలిసిపోయింది. పిండప్రదానం ముగిసేదాకా అరుగు మీదనే కూర్చున్నారు.

వీధి మలుపులో పట్టుకుని, ఎందుకు చేశావని అడిగారు. బావమరిదికి వేరే ఆధారం లేదన్నాడు అనంతకృష్ణ.

"ఒంట్లో బాగులేదంటే చాలదూ? కుష్టురోగమని ఎందుకన్నావు?"

"మామూలు జబ్బంటే, తగ్గాక మళ్లీ నిన్నే పిలుద్దామంటారు వాళ్లు."

మందు మారాక నాలుగు నెలల్లో చర్మం నున్నబడింది. అసలు సంగతి తెలుసుకున్న లలితాంబగారు మరుసటేడు స్వయంగా వచ్చి పిలిచారు. పురోహితుడెవరని అడిగారాయన. అనంతకృష్ణేనని, వంశపారంపర్యం గనుక మార్చలేకపోయామని ఆవిడ నొచ్చుకుంటూ చెప్పారు.

గోపాలకృష్ణమూర్తిగారు చేతులు జోడించారు. "వాడి ఎదుట కోపం లేకుండా కూర్చోవడం నా వల్ల కాదమ్మా. మీవారికి పెట్టిన అన్నం వ్యర్థం చేయలేను" అని, ఆవిడను వీధి దాకా సాగనంపి వచ్చారు.