తప్పు నీ గాజులది కాదన్నా

నిన్న పొద్దున కంచన్‌బాగ్ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. ఫోన్ మోగింది. లాడ్ బజార్‌లో మా పక్క షాపు ఖలీల్ భాయ్.

"శీనూ, నర్సింగ్ భాయ్ నై రహే" అన్నాడు. నర్సింగన్న పోయాడు, నిద్రలోనే హార్ట్ ఎటాక్ అట.

వెనక బండ్లు హారన్ కొడుతున్నాయి. గ్రీన్ పడిందని కూడా నాకు తెలియలేదు.

నర్సింగన్న మా పెద్దనాన్న కొడుకు. మీలో చాలామందికి ఐదు గాజుల షాపుల ఓనర్‌గా తెలుసు. నాకు ముందు గుర్తొచ్చేది ఆయన చేతులు.

మొఘల్‌పురాలో అన్న చేత గాజులు వేయించుకోని ఆడవాళ్లు తక్కువ. చెయ్యి పట్టుకుంటే చాలు, సైజు తెలిసిపోయేది. టేపు లేదు, కొలత లేదు. కొంచెం సబ్బునీళ్లు రాసి, బొటనవేలు లోపలికి మడిచి, మాటల్లో పెట్టి టక్కున ఎక్కించేవాడు. తమంతట తాము వేసుకుంటే ఎక్కని గాజు అన్న వేస్తే ఎక్కేది. ఎక్కాక చేతికి అతుక్కున్నట్టు ఉండేది. మా దగ్గర వదులుగా జారే గాజును గాజనరు.

ఒకసారి ఒక పెళ్లికూతురు నొప్పి నొప్పి అని ఏడుపు మొదలుపెట్టింది.

"అమ్మా, మీ అత్త పేరేంది?" అని అడిగాడు. ఆ అమ్మాయి గుర్తు తెచ్చుకునేలోపు డజను గాజులూ ఎక్కేశాయి. "చూసినవా, అత్త పేరు తలుసుకుంటే ఈ నొప్పి ఏం నొప్పి!"

షాపంతా నవ్వులు. పెళ్లికూతురు కూడా నవ్వింది.

ఆ తర్వాత నేను ఎంబీఏ చేసి వచ్చాను. ఇంట్లో మొదటి ఎంబీఏ. నోరు ఊరుకుంటుందా?

"అన్నా, దుబాయ్‌ల షాపు పెడదాం. మనోళ్లు మస్తుగున్నరు. వేరే దేశాలోళ్లు కూడ కొంటరు" అన్నాను.

"మనకెందుకురా గా లొల్లి" అన్నాడు.

మూడు నెలలు వెంటపడి ఒప్పించాను.

ఏ సైజు ఎన్ని పంపాలో లిస్ట్ నేనే తయారు చేశాను. మా ఐదు షాపుల్లో మూడేళ్లుగా ఏ సైజులు ఎక్కువ పోయాయో తీసి, అదే పాళ్లలో కంటైనర్ నింపించాను. చాలా సైంటిఫిక్‌గా చేశానని నాలో నేనే మురిసిపోయాను.

దుబాయ్‌లో మేం షాపు తీసుకున్న మాల్‌లో ఒక రూల్ ఉంది. సేల్స్‌వాళ్లు కస్టమర్ చెయ్యి ముట్టుకోకూడదు. అగ్రిమెంట్‌లో చదివాను. చిన్న విషయం అనుకున్నాను.

ఓపెనింగ్ రోజు అన్న కొత్త సఫారీ వేసుకుని నిలబడ్డాడు. ఒకామె ఎర్ర మట్టిగాజు తీసుకుని తానే వేసుకోబోయింది. ఎక్కలేదు. గట్టిగా తోసింది. టప్‌మని విరిగింది. చెయ్యి గీసుకుపోయి రక్తం వచ్చింది.

అన్న చెయ్యి దానంతటదే ముందుకు వెళ్లింది. మాల్ సూపర్‌వైజర్ "నో సర్" అని అడ్డొచ్చాడు. అన్న ఆ చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఆ టప్‌మన్న చప్పుడు నన్ను ఇంకా వదల్లేదు. ఇంట్లో గ్లాసు పగిలినా ఉలిక్కిపడతాను.

తర్వాత రోజూ అదే వరస. ఎక్కనివి, విరిగినవి, వాపసు వచ్చినవి. అన్నకు సైజుల నంబర్లు పట్టవు, చెయ్యి ముట్టుకుంటేనే తెలుస్తుంది. ముట్టుకునే వీలు లేకపోయేసరికి ఏం జరుగుతోందో ఆయనకు అంతుబట్టలేదు.

నాకు అంతుబట్టింది. మూడో వారం, స్టోర్‌రూమ్‌లో లిస్ట్ ముందేసుకుని కూర్చున్నప్పుడు.

మా షాపుల్లో అమ్ముడైనవి అన్న, ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఎక్కించగలిగిన సైజులు. ఎవరికి వాళ్లు వేసుకోవాలంటే ఒక సైజు పెద్దవి కావాలి. నేను కంటైనర్ మొత్తం ఒక సైజు చిన్నవి నింపాను.

లిస్ట్ మడిచి జేబులో పెట్టుకున్నాను.

అప్పుడే అన్న లోపలికి వచ్చాడు. "తమ్మీ, సరుకుల ఏమన్న తేడా వచ్చిందారా? నా గాజులు గిట్ల ఎన్నడు పగల్లే."

చెప్పొచ్చు. ఒక్క మాట.

"మార్కెట్ వేరు అన్నా" అన్నాను.

ఇంట్లో అందరూ నా మాట విన్నది అదే మొదటిసారి. ఆ పరువు పోతుందని భయం. అంతకు మించి గొప్ప కారణమేమీ లేదు.

ఎనిమిది నెలలకు షాపు మూసేశాం. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా ఇంటర్నేషనల్ మార్కెట్ కష్టాల గురించి తెగ మాట్లాడాను. అద్దెలు, కస్టమ్స్, అక్కడివాళ్ల టేస్ట్. అన్న పక్కనే కూర్చుని తల ఊపేవాడు.

తిరిగొచ్చాక అన్న మళ్లీ ఎవరి చేతికీ గాజు వేయలేదు. కౌంటర్ దగ్గరే కూర్చునేవాడు. వయసు మీద పడిందన్నారు అందరూ. నేనూ అదే నమ్మడానికి ప్రయత్నించాను, ఆరేళ్లపాటు.

నిన్న సాయంత్రం అంతా అయిపోయాక వదిన దగ్గర కూర్చున్నాను. చేతికున్న లక్క గాజులు చూపించింది.

"దుబాయ్ పోయే ముందు రోజు ఏసిండు. ఆయన ఏసిన ఆఖరి గాజులివే. పదో రోజు ఇవి కూడ తీస్తరు. వచ్చినంక ఎన్నిసార్లు అడిగినా ఎయ్యలే. నా చేతులు మొరటైనయే, నా గాజు ఆడిపిల్లకు రక్తం తీసింది అన్నడు."

ఆరేళ్లుగా అన్న మోసింది అదన్నమాట.

వదినకు మొత్తం చెప్పేశాను. లిస్ట్ గురించి, సైజుల గురించి, స్టోర్‌రూమ్‌లో ఆడిన అబద్ధం గురించి.

వదిన తిట్టలేదు. తిడితే బాగుండేది. చేతి గాజులు ఒకసారి తిప్పుకుంది.

"నిన్నటి దాక బతికే ఉండె కద, శీనూ" అంది.

అందుకే ఇక్కడ, మీ అందరి ముందూ రాస్తున్నాను. నర్సింగన్న గాజుల్లో ఏ తప్పూ లేదు. ఆ చేతుల్లో అసలే లేదు.

వెళ్లిరా అన్నా. నీ మనసుకు ఇకనైనా నెమ్మది దొరకాలి.

నాకు వద్దు.