ఓ ప్రైవేటు మిల్లు

ఆ వార్తలోంచి పత్తి జిన్నింగు మిల్లు పేరు కొట్టేసింది నేనే. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా "పేరు తీసేశారు" అనే రాసుకున్నాను.

ఆదోనిలోని పత్రికాఫీసులో చుట్టుపక్కల మండలాల వార్తలు దిద్దడం నా పని. కంపెనీల పేర్లు ఎలా రాయాలో టైపు చేసిన కాగితం ఒకటి మా గోడకు అంటించి ఉంటుంది. మొదటిసారి పూర్తి పేరు, తర్వాత పొడి అక్షరాలు, వాటి మధ్య చుక్కలు వద్దు, "ప్రైవేట్ లిమిటెడ్" అక్కర్లేదు. కాగితంలో లేని నియమం ఇంకొకటి ఉంది. చేరిన వారంలోనే అదీ నేర్చుకున్నాను. కంపెనీ మొక్కలు నాటితే పేరు రాయాలి. కంపెనీలో మనిషికి దెబ్బ తగిలితే "ఓ ప్రైవేటు మిల్లు" అనాలి.

గోనెగండ్ల నుంచి ఎమ్మిగనూరుకు కూలికొచ్చే ఒకామె కుడిచెయ్యి జిన్నింగు యంత్రంలో పడి నలిగిపోయింది. అక్కడి విలేకరి మిల్లు పేరుతోనే వార్త పంపాడు. మా ఇన్‌చార్జి భోజనానికి వెళ్లాడు. ఆయన వచ్చాక అడగొచ్చు. ఆయనతో మాట్లాడాలంటేనే భయం. అడిగే పని లేకుండా నేనే తీసేశాను.

మర్నాడు విలేకరి ఫోన్ చేశాడు.

"పేరు మీ సారు కొట్టేసినాడా?"

"ఊ" అన్నాను.

పది రోజుల తర్వాత ఆమె, ఆమె భర్త ఆ వార్త కత్తిరించిన ముక్క పట్టుకుని ఆఫీసుకు వచ్చారు.

"మిల్లోళ్లు ఈమె మా కాడ పనే సేయలేదంటాండారు సార్. కార్డు గీర్డు ఏమీ ఇయ్యలేదు. లేబరాఫీసులో ఇది సూపిస్తే, ఇందులో మిల్లు పేరు యాడుందప్పా అన్నారు. పేరేసి ఇంగోసారి రాయండి" అన్నాడు భర్త.

ఇన్‌చార్జి తల ఎత్తలేదు. "అచ్చయినంక అయిపోయినట్లేనప్పా. ఇదేమన్నా పెండ్లి పత్రికనా, పేరు తప్పు పడిందని మళ్లా కొట్టిచ్చేకి?"

సవరణలకు రెండో పేజీలో చోటుంది. నా ముందున్న తెర మీద అదే మిల్లువాళ్ల ఉచిత కంటి శిబిరం వార్త ఉంది. పేరు పూర్తిగా, శీర్షికలోనే. ఆ ఇద్దరికీ కనబడకుండా తెరను కాస్త పక్కకు తిప్పాను.

చెప్పేద్దామని మెట్ల దాకా వెంట వెళ్లాను. నా మొహం చూసి ఆమెకే జాలేసినట్టుంది. ఎడమచేత్తో కొంగు సర్దుకుంటూ అంది:

"పైనోళ్లు సేసినదానికి నువ్వేం సేస్తావులే పాపా. పో, నీ పని సూసుకో."