మిరప కోతల కాలంలో ఆదివారాలు

నేను పాస్టరుగా ఉన్న ఊరు చిలకలూరిపేట అవతల, నల్లరేగడి చేల మధ్య ఉంటుంది. మా సంఘంలో అందరూ కూలికి పోయేవాళ్లే. మిరప కోతలు మొదలయ్యాయంటే ఇళ్లకు తాళాలు వేసి, పిల్లల్నీ వంటసామాన్లనూ ఆటోల్లో ఎక్కించుకుని సత్తెనపల్లి వైపు పోతారు. అక్కడే చేల పక్కన టార్పాలిన్ పట్టాలు కట్టుకుని నెలన్నర ఉంటారు. ఏటా జరిగేదే. ఆ రోజుల్లో చర్చిలో నేనూ, నా భార్యా, ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లూ మిగిలేవాళ్లం. ఆమె పాట ఎత్తుకుంటే చాలు, చర్చి ఖాళీగా ఉందని నాకెప్పుడూ అనిపించేది కాదు.

నిరుడు శ్రావణంలో ఆమె పోయింది. గుంటూరులో ఆసుపత్రిలో పదకొండు రోజులుంది. సమాధి దగ్గర ప్రార్థన నేనే మొదలుపెట్టాను గానీ సగంలోనే ఆగిపోయాను. పక్క ఊరి పాస్టరు అందుకుని పూర్తి చేశాడు. తర్వాత కొన్నాళ్లు సంఘస్థులు వచ్చి కూర్చున్నారు. కానీ వాళ్లకు నేను అయ్యగారిని. కాసేపయ్యాక వాళ్ల కష్టాలే చెప్పుకునేవారు, నేను ప్రార్థన చేసి పంపేవాణ్ణి. నన్ను అడగడం మర్యాద కాదనుకున్నారేమో.

ఈ ఏడు కోతలకు అందరూ వెళ్లిపోయాక మొదటి ఆదివారం గంట కొట్టి నిలబడ్డాను. ఊళ్లో మిగిలిన ముసలివాళ్లలో ఈసారి ఒక్క మామ్మే వచ్చింది. మోకాళ్లు పనిచేయవు కాబట్టి ఆమెను కోతలకు ఎవరూ తీసుకుపోరు. చెవులు కూడా బాగా మందం. గోడ పట్టుకుని నడిచొచ్చి ముందు వరసలో చాప మీద కూర్చుంది. ఆ వారమూ, తర్వాతి వారమూ ఆమె ఒక్కదానికే వాక్యం చెప్పాను. నా గొంతు గోడలకు తగిలి నాకే వినపడేది.

మా తాతగారు చెప్పిన సంగతి ఒకటి అప్పుడు గుర్తొచ్చింది. వాళ్ల ఊరికి మొట్టమొదట వచ్చిన ఉపదేశి ఏడాదిపాటు ఒక వేపచెట్టు కింద రోజూ ఒంటరిగా నిలబడి వాక్యం చెప్పేవాడట. ఊళ్లో ఎవరూ దగ్గరికి పోయేవారు కాదు. చెట్టు పక్కనున్న మట్టిగోడ వెనక మాత్రం ఒక కోడలు వడ్లు దంచుతూ వినేది. అత్తకు భయపడి బయటికి రాలేదు. ఏడాది తిరిగాక ఒకరోజు గోడ దాటి వచ్చి, ఆయన చెప్పినవన్నీ వరసగా అప్పజెప్పిందట. ఆమె మా తాతగారి తల్లి. ఈ కథ నేను పది చోట్లయినా ప్రసంగాల్లో చెప్పి ఉంటాను, ఎప్పుడూ ఆ తల్లి గురించే. ఆ ఏడాదంతా ఆ మనిషి ఇంటికెళ్లి ఎవరితో మాట్లాడాడో నాకెప్పుడూ తోచలేదు. ఆయన పేరు కూడా మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మూడో ఆదివారం నేను గంట కొట్టలేదు. మామ్మ మాత్రం వేళకే వచ్చింది. నేను బయటికెళ్లి ఆమె చెవి దగ్గర గట్టిగా చెప్పాను.

"మామ్మా, ఈ వారం ఆరాధన లేదు. ఇంటికెళ్లు."

"ఏం? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. ఎవరూ లేరుగా."

"నేనొచ్చాగా."

"నీకు నేను చెప్పేది వినపడదు కదా మామ్మా."

"నాకు వినపడక పదేళ్లయింది అయ్యగారూ. ఏనాడన్నా మానానా?" అంటూ లోపలికి వెళ్లి తన చోట కూర్చుంది.

నేనూ వెళ్లి, నిలబడాల్సిన చోట నిలబడకుండా ఆమె ఎదురుగా చాప మీద కూలబడ్డాను. ఆమె కాసేపు నా మొహం చూసింది.

"అమ్మగారు పోయాక మీకోసం ఎవరు ప్రార్థన చేస్తన్నారు?" అంది.

పెళ్లయిన నాటి నుంచీ పొద్దున్నే మంచం పక్కన మోకరించి నా కోసం ప్రార్థించిన మనిషి నా భార్య ఒక్కతే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మామ్మ ముందుకు జరిగి, కళ్లు మూసుకుని, చెయ్యి నా తలమీద పెట్టింది. ఏళ్ల తరబడి మిరపకాయలు కోసి, తొడాలు తీసి గరుకెక్కిన చెయ్యి.

"నాయనా, ఈ పిల్లోడికి పెళ్లాం పోయింది. అందర్నీ చూసుకుంటాడు, ఇతన్ని చూసేవోళ్లు లేరు. చిక్కిపోయాడు. నిద్ర కూడా పోతన్నట్టు లేడు. నువ్వే చూసుకో, నాయనా."

నాకు యాభై ఎనిమిదేళ్లు. నన్నెవరైనా పిల్లోడని పిలిచి ఎన్నాళ్లయిందో. ఆమెకు వినపడదు కాబట్టి గట్టిగానే ఏడ్చాను. ఏడుపు ఆగేదాకా ఆమె చెయ్యి తీయలేదు.

తర్వాతి ఆదివారం మామ్మతో పొద్దున ఆరాధన ముగించి, స్కూటరు మీద మా వాళ్లున్న చేలకు బయల్దేరాను. వెళ్లేసరికి మధ్యాహ్నం అన్నాలవేళ. మిరప ఘాటుకు దగ్గు ఆగలేదు. "అయ్యగారొచ్చారు" అంటూ ఒకామె పట్టా కింద గోనెసంచి పరిచింది. కాస్త తిన్నాక ఎప్పటిలాగే అందరూ తలలు వంచి నా ప్రార్థన కోసం ఎదురుచూశారు.

"ఇవాళ మీరు నా కోసం చెయ్యండి," అన్నాను. "ఆమె పోయాక ఇంట్లో ఉండలేకపోతున్నాను."

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి ఎప్పుడూ వెనక వరసలో కునికే ఒకాయన తలపాగా తీసి చేతిలో పట్టుకుని, తడబడుతూ నాలుగు ముక్కలు ప్రార్థించాడు. ఆ తర్వాత పనివేళ అయిందని అందరూ చేలోకి దిగారు.

పొద్దుగూకక ముందే ఇల్లు చేరాను. ఇల్లు ఎప్పటిలాగే నిశ్శబ్దంగా ఉంది. స్టవ్ వెలిగించి ఇద్దరికి సరిపడా అన్నం వండి, గోంగూర పప్పు చేసి, క్యారేజీలో సర్దుకుని మామ్మ ఇంటికి నడిచాను. అరుగు మీద కూర్చుని తిన్నాం. పప్పులో ఉప్పు తగ్గిందని చెప్పింది మామ్మ.