గిర్నికి పెద్ద పుల్లీ

రొట్టె విరిగితే తప్పు చేతిదా, పిండిదా అని తేల్చుకోవడానికి నాకు ఒక వానాకాలమంతా పట్టింది. తెలివిలేక కాదు. రొట్టె కొట్టడమూ కొత్తే, పిండి పట్టడమూ కొత్తే. రెండు పనులూ ఒకేసారి నేర్చుకునే మనిషికి ఏది ఎక్కడ చెడుతున్నదో ఎట్లా తెలుస్తుంది?

నేను పుట్టింది నర్మెట్టలో. చెరువు కింద పొలమున్న ఇల్లు, పొద్దున మిగిలినా రాత్రి వండినా అన్నమే. జొన్నరొట్టె జీతగాళ్లు తినేదన్న పొగరు మా ఇంట్లో ఉండేది, అది నాకూ కొంచెం అంటింది. బచ్చన్నపేటకు కోడలిగా వచ్చాక దిగింది. అక్కడ చెరువు నిండిన ఏడే వరి, లేకపోతే జొన్న. మా ఇంట్లో రాత్రిపూట రొట్టె తప్ప మరొకటి ఉండేది కాదు. అత్త నేను రాకముందే పోయింది కాబట్టి నేర్పేవాళ్లు కూడా లేరు. నీళ్లు కాచి పిండిలో పోసి, పిసికి, పీట మీద పెట్టి అరచేత్తో తడుతుంటే అంచులు పగిలేవి. పెనం మీదికి తీసేసరికి సగం నా చేతిలో, సగం పీట మీద ఉండేది. నెలలు గడిచాక ఏదో కుదిరిందనిపించింది.

అరవై తొమ్మిదిలో నేను హనుమకొండలో హాస్టల్లో ఉండి పి.యు.సి. చదువుతున్నాను. తెలంగాణ ఉద్యమం వచ్చింది, కాలేజీలు బందయ్యాయి. ఊరేగింపుల్లో నేనూ నడిచాను, గొంతు పోయేదాకా అరిచాను. దాని మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. నా కోపమంతా మా నాయిన మీదే. కాలేజీ మళ్లీ తెరిచేలోపు సంబంధం చూసి పెళ్లి చేసేశాడు. ఎదిగిన పిల్ల ఇంట్లో ఖాళీగా కూర్చుంటే బాగుండదట. కాలేజీకి నేనేమైనా తాళం వేసి వచ్చానా?

పెళ్లి చేసుకున్నాయన బడిపంతులు. గంగారం అడవిలో ఉద్యోగం, బస్సు దొరికిన శనివారం ఇంటికొచ్చేవాడు. ఇంట్లో మామ, నేను. మామకు రేకుల షెడ్డులో ఒక పిండి గిర్ని ఉండేది. ఒక మూల కరెంటు మోటారు, పక్కన తిరుగుడు రాళ్ల మిషను, రెంటినీ కలిపే తోలు పట్టా. నేను వచ్చిన మరుసటి ఏడే మామకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. గిర్ని మూతపడింది. పది రోజులు చూసి, నేను కూర్చుంటానన్నాను. మామ సరే అన్నాడు. ఊరు బుగ్గలు నొక్కుకున్నది. పెద్దింటి కోడలు గిర్ని దగ్గర కూర్చుంటదా అని. కూర్చుంటే ఏం అరిగిపోతానో నాకు అర్థం కాలేదు.

నిజం చెప్పాలంటే, గిర్నిలో కూర్చున్న రోజునే నాకు ఆ ఊరు నా ఊరనిపించింది. ఆడవాళ్లు జొన్నలు, మక్కలు, గోధుమలు గంపల్లో, డబ్బాల్లో తెచ్చి వరుసలో పెట్టేవాళ్లు. ఎవరి గింజ వాళ్లకే పట్టి ఇవ్వాలి. పిండి వచ్చే గుడ్డ గొట్టం కింద చెయ్యి పెట్టి మెత్తదనం చూడటం నేర్చుకున్నాను. సాయంత్రానికి జుట్టూ కనుబొమలూ తెల్లగా అయ్యేవి. కాలేజీ పోయాక నాదంటూ దొరికిన మొదటి పని అది.

దానికే ఎసరొచ్చింది. మా బావ, అంటే ఆయనకు అన్న, మానుకోటలో ఆఫీసు ఉద్యోగం చేసేవాడు. మా ఇళ్లలో తమ్ముడి భార్యతో బావ నేరుగా మాట్లాడడు, ఆమె కూడా ఆయనకు ఎదురు మాట్లాడదు. చెప్పదలచుకున్నది నాకే అయినా మామ వైపు తిరిగి చెప్పేవాడు. ఆ ఎండాకాలం వచ్చినప్పుడు షెడ్డు ముందు వరుస చూసి, నేను తలుపు వెనక ఉన్నానని తెలిసే అన్నాడు.

“బాపు, గిట్లయితే గిరాకి నిలుస్తదా? కరెంటు ఉండేదే కొంతసేపాయె. గంటలు గంటలు నిలవడితె ఎవలొస్తరు? జనగామ రోడ్డు మీద ఇంకో గిర్ని పడ్డది. దసరాకు వస్త. గప్పటికి గిట్లనే ఉంటే మిషన్ అమ్మి షెడ్డు కిరాయికిద్దాం.”

నాకు ముందు ఒళ్లు మండింది, తర్వాత భయమేసింది. చదువు పోయింది, ఇదీ పోతే రోజంతా పొయ్యి ముందు కూర్చుని శనివారం కోసం చూడాలి.

వరుస తగ్గాలంటే మిషను వేగం పెరగాలి. వేగం ఎట్లా పెరుగుతుందో నాకు తెలుసు, మెట్రిక్‌లో చదివాను. మోటారు ఇరుసుకున్న చక్రం పెద్దదైతే, మోటారు ఒక చుట్టు తిరిగేసరికి పట్టా ఎక్కువ దూరం నడుస్తుంది, రాయి ఎక్కువ చుట్లు తిరుగుతుంది. మోటారు మార్చక్కర లేదు, పుల్లీ మారిస్తే చాలు. జనగామ పాత ఇనుప సామాన్ల దుకాణంలో పెద్ద పుల్లీ ఒకటి దొరికింది. సంచిలో వేసుకుని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. మామకు చూపిస్తే చేసి చూడమన్నాడు. ఆ శనివారం పంతులుగారు పానా పట్టారు. ఆయన పానా పట్టుకున్న తీరు బెత్తం పట్టుకున్నట్టే ఉంది, చివరికి నేనే లాక్కుని బిగించాను.

మర్నాడు మోటారు వేయగానే రాయి గొంతే మారిపోయింది. కూత పెట్టింది. గంప తర్వాత గంప ఇట్టే అయిపోయింది, మధ్యాహ్నానికి షెడ్డు ముందు మనిషి లేదు. నేను మామ మంచం దగ్గరికి పరుగెత్తుకుంటూ వెళ్లి చెప్పాను. అంత సంబరం నాకు పి.యు.సి. సీటొచ్చినప్పుడు కూడా లేదు.

ఆ సంబరం వారం నిలవలేదు. ముందు ఫ్యూజు పోయింది. వేశాను, మళ్లీ పోయింది. విసుగొచ్చి రెండు తీగలు మెలేసి పెట్టాను. ఫ్యూజు ఉన్నదే పోవడానికని నాకు తెలుసు, తెలిసే పెట్టాను. అప్పుడు మోటారు వేడెక్కడం మొదలైంది, మీద చెయ్యి ఆనడం లేదు. ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాను మామ మంచం దగ్గరుండేది. దాన్ని తెచ్చి మోటారు ముందు పెట్టాను. మామ తాటాకు విసనకర్ర అడిగాడు. తర్వాత పట్టా జారుతూ కాలిన వాసన కొట్టింది, దానికి గుగ్గిలం పొడి రుద్దాను. పిండి వెచ్చగా వస్తున్నదని ఆడవాళ్లు అంటుంటే రాళ్లు మొద్దుబారాయనుకుని, మళ్లీ గరుకెక్కేలా ఉలితో కక్కు కొట్టించాను. ఒక నొప్పికి ఒక మందు. ఏ మందు పని చేసిందో, ఏది చెరిచిందో చూసుకునే ఓపిక లేదు. దసరా ముంచుకొస్తున్నది.

ఇంట్లో నా రొట్టెలు మళ్లీ విరగడం మొదలుపెట్టాయి. గిర్నిలో అలిసిపోయి పిండి సరిగ్గా పిసకడం లేదనుకున్నాను. నీళ్లు ఇంకా మరగనిచ్చాను, ఇంకా గట్టిగా పిసికాను. నర్మెట్ట చేతులు, వీటికి జన్మలో రొట్టె రాదని నన్ను నేనే తిట్టుకున్నాను. మామ ఎడమ చేత్తో ముక్కలు ఏరుకుని పప్పులో నానేసుకుని తినేవాడు. ఒక్క చెయ్యి మనిషికి అదే సులువేమో అనుకున్నాను.

వరుస పలచబడింది. మొదట్లో అది నా వేగం మహిమ అని మురిసిపోయాను. ఒకరోజు గుమ్మంలో నిలబడి ఉంటే, ఎప్పుడూ మా దగ్గరికే వచ్చే ఇద్దరు ఆడవాళ్లు డబ్బాలు నెత్తిన పెట్టుకుని, తలలు పక్కకు తిప్పుకుని జనగామ రోడ్డు వైపు పోయారు. వాళ్లను పిలిచి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది.

అడగకుండానే చెప్పింది ఒక తండా అవ్వ. ఊరి బయటి తండా నుంచి నడిచి వచ్చేది. తోడొచ్చిన వాళ్లతో తన భాషలో, నాతో తెలుగులో, ఎవరితోనైనా ఒకే గట్టి గొంతుతో మాట్లాడేది. ఆ రోజు గంప తేలేదు. కొంగు విప్పి ముక్కలు ముక్కలైన రొట్టె నా ముందు పెట్టింది.

“గిది సూడు బిడ్డా. పుట్టినకాంచి రొట్టె కొడుతున్న, నా చేతుల ఎన్నడు ఇరగలె. నీ మిషన్ల ఏమైందో నాకెర్కలేదు. నీ పిండిల జిగురు పోయింది.”

నేను ఆ ముక్క నోట్లో వేసుకున్నాను. మా ఇంటి రొట్టె రుచే. అదే మాడు వాసన, అదే చివరి చేదు. ఇన్ని రోజులు నా చేతులను అనవసరంగా తిట్టుకున్నానని అర్థమై మొదట హాయిగా అనిపించింది, ఆ వెంటనే రెండోది తట్టింది. మా ఇంట్లో విరిగిన రొట్టే ఊళ్లో ఇంటింటా విరుగుతున్నదన్నమాట. వేడి వేడి పిండిని మూట కట్టి ఇస్తే అది ఇంటికి పోయేదాకా మూటలో చెమట పట్టేది కాబోలు.

అవ్వను కూర్చోబెట్టి అడిగాను, నాకు నమ్మకమైన చెయ్యి కావాలి, రేపటి నుంచి వచ్చి నా పొయ్యి మీద రొట్టె కొడతావా అని. నా చేత్తో చూస్తే పిండి తప్పేదో నా తప్పేదో మళ్లీ తేలదు. అవ్వ నవ్వి, ఛాయ్ పోస్తే వస్తానంది.

ఈసారి ఒక్కొక్కటే మార్చాను. ముందుగా ఫ్యూజులో ఒంటి తీగ పెట్టాను, బుద్ధి తెచ్చుకుని. రాళ్లు, పట్టా, పుల్లీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి గింజ సన్నటి ధారగా వదిలాను. పిండి వేడిగానే వచ్చింది, రొట్టె విరిగింది. తర్వాత గింజ మామూలుగా వదిలి రాళ్ల మధ్య సందు కొంచెం పెంచాను. పిండి చల్లగా వచ్చింది, ఎగిరి గంతేశాను. అవ్వ గుప్పెట్లోకి తీసుకుని నలిపి చూపించింది, రవ్వ. మెత్తగా కావాలంటే రెండోసారి పోయాలి. పోశాను. రెండు వాయలకూ పట్టిన సమయం చూస్తే పాత పుల్లీతో ఒక్క వాయకు పట్టినంతే ఉంది. అప్పుడు నేను నేల మీదే కూలబడ్డాను. ఇన్నాళ్లు మోటారును వేపుకుని, మామ ఫ్యాను లాక్కుని, పిండి మాడ్చి నేను సంపాదించిన వేగం ఏదీ లేదు. పుస్తకంలో పుల్లీ పాఠం ఉంది, మోటారు ఉంది, పట్టా ఉంది. గింజ లేదు.

పాత పుల్లీ వెతికి బిగించాను. రాయి మెల్లగా, పాత గొంతుతో తిరిగింది. ఆ పిండితో అవ్వ కొట్టిన రొట్టె పెనం మీద పొంగింది. తర్వాత నేను కొట్టాను. అంచు కొంచెం పగిలింది కానీ విరగలేదు.

ఆ రాత్రి మామ కంచంలో నిండు రొట్టె పెట్టాను. ఎడమ చేత్తో తుంచుకుని తిన్నాడు. ఇన్ని రోజులు బాగాలేదని ఒక్క మాట ఎందుకు అనలేదని అడిగాను. మామ మాట అప్పటికి కొంచెం ముద్దగా వచ్చేది.

“కొత్తగ నేర్సుకుంటున్నవు కద బిడ్డా. చెయ్యి కుదురుతదిలె అనుకున్న.”

ఆయన కూడా నా చేతినే అనుమానించాడు, అయినా ఆ ముక్కలన్నీ తిన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఫ్యాను తెచ్చి ఆయన మంచం దగ్గర పెట్టి పడుకున్నాను.

పోయినవాళ్లు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. అవ్వ ఎవరెవరికి ఏం చెప్పిందో నాకు తెలియదు. దసరా నాటికి షెడ్డు ముందు పాత వరుసే, నిజానికి ఇంకా పొడుగ్గా ఉంది. సద్దుల బతుకమ్మ కోసం, పండుగ కోసం గంపలన్నీ ఒకేసారి వచ్చాయి. నేను బావ కోసం చూస్తూ ఉన్నాను. ఎండాకాలం ఉన్న వరుసే ఉంటే ఏం చూపించి నిలబడాలి?

బావ వచ్చాడు. వాకిట్లో మామ మంచం పక్కన నిలబడి వరుసను ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు.

“ఏం మారలె బాపు. గదే లైను. మోటరుకు జర పెద్ద పుల్లీ ఏస్తె అయిపాయె. గింత ముచ్చట ఎవ్వలకు తోచలేదా? అందుకే అంటున్న, ఇది ఆడోళ్లతోని అయ్యే పని కాదు.”

నేను గింజ పోస్తున్నదాన్ని ఆగిపోయాను. నోటిదాకా వచ్చింది. ఫ్యూజు, ఫ్యాను, గుగ్గిలం, రవ్వ, అన్నీ చెప్పేయాలనిపించింది. కానీ ఆయన నా బావ, ఆయనకు నేను బదులు చెప్పకూడదు. ఏ ముండమోపి పెట్టిందో ఆ ఆచారం అని మనసులోనే తిట్టుకుంటూ మోటారు ఆపి తల దించుకున్నాను.

వరుసలో నుంచి తండా అవ్వ గంప కింద పెట్టి ముందుకొచ్చింది. ఆమెకు మా ఆచారంతో పని లేదు.

“పటేలా, గా పెద్ద పుల్లీ ఈ పిల్ల ఏసి సూసింది. మేం తిని సూసినం. మల్ల తినం.”

వరుసలో ఎవరో నవ్వారు, మరెవరో అవునన్నారు. లైన్లో నిలబడతాం, మా కాళ్లు మా ఇష్టం అని ఇంకొకామె వెనక నుంచి అంది. అందులో అప్పుడు తల తిప్పుకుని పోయిన ఆమె కూడా ఉంది. నాకు సిగ్గేసింది, గొప్పగానూ అనిపించింది. హనుమకొండలో నా చదువు చెడితే నేనొక్కదాన్నే చెడ్డాను. గిర్ని దగ్గరి ఈ చదువు ఇంటింటి కంచాల్లో చెడింది, అయినా ఆ తిన్నవాళ్లే వచ్చి నా పక్కన నిలబడ్డారు.

బావ మామ వైపు చూశాడు. మామ బావను చూడలేదు. ఎడమ చెయ్యి ఎత్తి, నా వైపు తిరిగి, ఆ ముద్ద మాటతోనే అన్నాడు.

“మోటరెయ్యి బిడ్డా. కరెంటు పోతది.”

వేశాను.