అక్షరాలు పాతదాంట్లో ఉండిపోయాయి

రెండువేల సంవత్సరం దాటాక, చింతపల్లిలో నాకు పెళ్లికార్డులు కొట్టే చిన్న దుకాణం ఉండేది. పాత కంప్యూటర్‌ను విశాఖ తీసుకెళ్లి, కొత్తది కొని, ఫైళ్లన్నీ దాంట్లోకి ఎక్కించుకుని వచ్చాను. జీపులో కొత్తది నా ఒళ్లో కూర్చుంది. పాతది టాపు మీద ఉల్లిపాయల బస్తాల మధ్య ఘాటీ రోడ్డు ఎక్కింది. దాన్ని పాత ప్రింటరుతో సహా మా పాస్టరుగారికి ఇచ్చేసి, గొప్ప ఉపకారం చేశాననుకున్నాను.

మర్నాడు ఒక కాఫీతోట రైతు తన కూతురి పెళ్లికార్డు చూసుకోవడానికి వచ్చాడు. తెర మీద పెళ్లికూతురి పేరున్న చోట బ్రాకెట్లు, కామాలు, ఇంగ్లీషు ముక్కలు కనిపించాయి.

“ఇదేటి బాబూ? మా గుంట పేరు ఇలాగయిపోనాదేటి?”

“తెలుగు ఫాంటు ఎక్కించలేదండీ. అక్షరాలు పాతదాంట్లో ఉండిపోయాయి.”

“మరి బేగెల్లి తెచ్చెయ్.”

నేను వెళ్లేసరికి పాస్టరుగారు ఆదివారం ప్రసంగం టైపు చేసుకుంటున్నారు. “అయితే తెలుగంతా నా దగ్గరికొచ్చేసిందన్నమాట,” అని నవ్వి, ఫాంటును ఫ్లాపీలో ఎక్కించి ఇచ్చారు. తీరా దుకాణానికి వచ్చి చూస్తే, కొత్తదానికి ఫ్లాపీ పెట్టే చోటే లేదు.

చేసేది లేక రైతును వెంటబెట్టుకుని వెళ్లి, పాస్టరుగారి బల్ల దగ్గరే కార్డు తయారుచేశాను. ఆయన పక్కన నిలబడి రెండు అచ్చుతప్పులు దిద్దారు, వధూవరుల కోసం ప్రార్థన కూడా చేశారు. ఆ మర్యాద గురించి రైతు ఊరంతా చెప్పాడు. ఆ ఎండాకాలం పెళ్లిళ్లవాళ్లు కార్డుల కోసం నేరుగా ఆయన ఇంటికే వెళ్లారు. నేను కొత్త కంప్యూటర్‌లో పేకాట బాగా నేర్చుకున్నాను.